చలి వదలని మే నెలలో టమాటా నారు బయట నాటేయాలా, ఇంకా ఆగాలా?

పెరటితోట_నేపర్‌విల్ (మే 7)

అందరికీ నమస్కారం. షికాగో పడమటి శివారులో ఉంటాం. ఉగాది నాడు మా అత్తయ్య గారి చేత 22 టమాటా గింజలు పెట్టించాను. అన్నీ మొలిచాయి. ఇప్పుడు ఏడు వారాల నారు. జానెడు దాటి ఎదిగింది, రెండు మొక్కలకు అప్పుడే మొగ్గ కనబడుతోంది. వంటింటి కిటికీ దగ్గర చోటు చాలక సగం గ్లాసులు భోజనాల బల్ల మీదికి వచ్చేశాయి.

ఈ ఏడు చలి వదలట్లేదు. పగలు 58, 60, రాత్రి 41 నుంచి 45. అన్నీ ఫారెన్‌హీట్‌లోనే చెప్తున్నాను. ఇంకో వారం ఇంతేనట. పక్కింటివాళ్ళు మే 1నే నాటేశారు. మా వారేమో ఆఫీసులో అందరూ మదర్స్ డే అంటున్నారు, ఈ ఆదివారం నాటేద్దాం అంటారు. అత్తయ్య గారిది నరసరావుపేట దగ్గర ఊరు, చిన్నప్పటి నుంచీ నారు పోసిన చెయ్యి. "పాతిక రోజులకో నెలకో నాటేయాలమ్మా, ముదురు నారైతే నాటినా తేరుకోదు" అని రోజూ ట్రేలు చూసి బెంగపడుతున్నారు. ఆవిడ తిరుగు ప్రయాణం జూన్ 20న. వెళ్ళేలోగా ఒక్క పిందైనా చూడాలని ఆవిడ కోరిక. ఒక్క మొక్క పోయినా నాకు ప్రాణం ఒప్పదు.

అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఇప్పుడే నాటనా, ఆగనా? ఆగితే ఎన్నాళ్ళు?

కరీంనగర్_డెట్రాయిట్ (మే 7)

అక్కా, నాటేయుండ్రి. పన్నెండేండ్ల సంది ఈడ టమాట పెడుతున్న, ఏ ఏడు గూడ మదర్స్ డే దాక ఆగలె. మనకు ఉన్నదే నాలుగున్నర నెలలు. అక్టోబర్ల మంచు పడ్తది, సెప్టెంబర్ సగం దాటినంక కాయ పండుడు ఆగిపోతది. ముంగటి పదిహేను రోజులు చేజార్చుకుంటే వెనుక పచ్చికాయలు తెంపి పేపర్ల చుట్టుకోవాలె.

ఊరికే నాటుమంటలేను. గ్యాలను పాల డబ్బా అడుగు కోసి మొక్క మీద బోర్లించుండ్రి. పొద్దుగాల మూత తీయాలె, పొద్దుగూకినంక పెట్టాలె. నా దగ్గర వాల్ ఓ వాటర్ అనేటివి ఆరు ఉన్నయి. ప్లాస్టిక్ గొట్టాలు వరుసగ అతికిచ్చి గుడారం లెక్క ఉంటది, ఒక్కొక్కదాంట్ల దాదాపు 3 గ్యాలన్ల నీళ్లు పడ్తయి. పగటి ఎండ ఆ నీళ్లల్ల దాసుకొని రాత్రి మొక్కకు ఇస్తది. నీళ్లు గడ్డ కట్టబోయినా, కట్టేటప్పుడు గూడ వేడిని ఇడుస్తనే ఉంటయి. 27 డిగ్రీల రాత్రి గూడ నా మొక్కలు బతికినయి.

మీ అత్తమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. గ్లాసుల వేరు గుండ్రంగ తిరిగి చుట్టుకున్నంక నేల మీద పెట్టినా గా చుట్టు విప్పుకోదు. చలితోని పోయే మొక్కల కన్న గ్లాసుల ముదిరి పాడైన మొక్కలే నేను ఎక్కువ చూసిన.

ఎడిసన్_పెరడు (మే 8)

మాది న్యూజెర్సీలో ఎడిసన్. ఒక ఉదయం గురించి చెప్తాను.

2020లో లాక్‌డౌన్‌లో చేతినిండా తీరిక. ఏప్రిల్ చివర వారం రోజులు 70 దాకా పోయింది, ఇంక చలి అయిపోయిందనుకుని 30 మొక్కలు నాటేశాను. మే 9 తెల్లవారుజామున న్యూయార్క్ సెంట్రల్ పార్కులోనే మంచు రేకులు రాలాయి. మా పెరడు కాస్త పల్లం, చల్లగాలి దిగి అక్కడే నిలుస్తుంది. ఆరింటికి తలుపు తీస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. మొక్కలు మాత్రం పచ్చగా, నిటారుగా నిలబడే ఉన్నాయి. గండం గడిచిందనుకున్నాను. ఎండ తగిలిన గంటకు ఒక్కొక్క ఆకూ ఉడికిన తోటకూరలా నల్లబడి కాండానికి అంటుకుపోయింది. పదింటికల్లా 30కి 30 పోయాయి. మర్నాడే మదర్స్ డే.

తర్వాత 2023లో మే 18న మళ్ళీ అలాంటి చలే వచ్చింది. న్యూయార్క్ ఫింగర్ లేక్స్‌లో, వెర్మాంట్‌లో ద్రాక్షతోటలు, ఆపిల్ తోటలు దెబ్బతిన్నాయి. అప్పటికి నేను నాటలేదు కాబట్టి బతికిపోయాను.

తమ్ముడు చెప్పిన డబ్బాలు ఆరు మొక్కలకైతే సరే. 22 మొక్కలకు రోజూ పొద్దున్న తీసి సాయంత్రం మూయడం ఉద్యోగం చేసేవాళ్ళకు అయ్యే పనేనా? ఒక్క రోజు మూత తీయడం మర్చిపోయి ఎండ కాస్తే లోపల మొక్క ఆవిరికి ఉడికిపోతుంది.

మదనపల్లె_మట్టి (మే 8)

మాది మదనపల్లె. టమాటా మార్కెట్టు ఎదురుగానే పెరిగాను, నాయిన రైతు. ఇప్పుడు ఒహాయోలో ఉన్నాను. రెండు చోట్లా టమాటా పండించిన అనుభవంతో చెప్తున్నాను.

ముందు ఒక మాట. ఇక్కడ అందరూ "మంచు పడుతుందా పడదా" అని వాదిస్తున్నారు. టమాటాకు మంచు చివరి శత్రువు మాత్రమే. గడ్డకట్టే చలి 32 దగ్గర. కానీ 50 కంటే తగ్గిన ప్రతి రాత్రీ మొక్క నష్టపోతుంది. చావదు, అంతే. చావకపోవడమూ పెరగడమూ ఒకటి కాదు.

నేల సంగతి చూడండి. గాలి ఒక్క మధ్యాహ్నంలో వేడెక్కుతుంది, నేలకు వారాలు పడుతుంది. నేల 60కి రాకముందు నాటితే వేరు భాస్వరాన్ని తీసుకోలేదు. భాస్వరం మట్టిలో నిండుగా ఉన్నా అంతే, చలికి వేరు పని చేయదు. అప్పుడు ఆకు తిప్పి చూడండి. అడుగున ఈనెల వెంబడి నేరేడు పండు రంగు కనబడుతుంది. చాలామంది అది చూసి ఎరువు వేస్తారు. వేయనక్కర్లేదు, నేల వేడెక్కితే దానంతట అదే పోతుంది. కానీ ఆ రెండు వారాలూ మొక్క నాటిన కాడే ఉంటుంది, అంగుళం పెరగదు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. నేపర్‌విల్ అక్కయ్య మొక్కలకు మొగ్గ వచ్చిందన్నారు కదా. మొగ్గ లోపల పిందె తయారయ్యే రోజుల్లో చలి తగిలితే కాయ కింది భాగం మడతలు పడి, గీతలతో, వంకరగా వస్తుంది. జూలైలో కాసిన మొదటి కాయలు అట్లా ఉంటే తెగులనుకుని మందు కొడతారు. అది మేలో తగిలిన చలి. పైగా రాత్రి 55 దాటకపోతే పుప్పొడి సరిగా పని చేయదు, పూత రాలిపోతుంది. ఇప్పుడు బయట పెట్టి పూయించినా ఆ పూత నిలవదు.

ముదురు నారు గురించి అత్తమ్మ గారు చెప్పింది మన నేలకు సత్యం. మా నాయినా అదే చెప్తాడు. కానీ అక్కడ నారు ముదరడానికి కారణం వయసు ఒకటే కాదు. నారుమడిలో ఒత్తుగా పోసిన మొక్కలు తిండికీ వెలుతురుకూ కొట్టుకుని ముదురుతాయి. ఇక్కడ మన చేతిలో ఇంకో దారి ఉంది. చిన్న గ్లాసులోంచి గ్యాలను కుండీలోకి మార్చండి. కింది ఆకులు రెండు జతలు తుంచి, కాండం మెడ దాకా మట్టిలో పూడ్చండి. టమాటా కాండానికి మట్టి తగిలిన చోటల్లా వేరు వస్తుంది. మూడు వారాలు ఆగినా మొక్క ముదరదు, ఇంకా బలపడుతుంది.

వాతావరణం యాప్ చూడకండి. వంటింట్లో మాంసం ఉడికిందో లేదో చూసే సూది థర్మామీటరు ఉంటే ఉదయం ఎనిమిదింటికి నాలుగంగుళాల లోతులో గుచ్చండి. మూడు రోజులు వరసగా 60 చూపిస్తే నాటండి. అప్పటిదాకా తేదీ ఏదైనా నాకు అనవసరం.

కరీంనగర్_డెట్రాయిట్ (మే 8)

అన్నా, మీ మాట కాదంటలేను గని నేల వేడి చేసుకునుడు మన చేతుల లేదా? రెండు వారాల ముంగటనే మొక్కలు పెట్టే మడి, గదే బెడ్డు మీద నల్ల ప్లాస్టిక్ పరుస్త. నాది నేల కన్న అడుగు ఎత్తు బెడ్డు, దక్షిణం దిక్కు ఇటుక గోడ ఆనుకొని ఉన్నది. పగటి వేడి గోడ రాత్రి ఇడుస్తది. పక్కింటి నేల 50 ఉంటే నాది 57 చూపెట్టింది.

ఇంకోటి, ఏ చెట్టు ఏ ఊళ్ల బతుకుతదో చెప్పే వ్యవసాయ శాఖ మ్యాపుల జోన్లు గూడ మారినయి గదా. 2023 మ్యాపుల మేమంత అర జోను వేడి దిక్కు జరిగినం. పాత తేదీలు పట్టుకొని ఎంత కాలం కూసుందం?

మదనపల్లె_మట్టి (మే 8)

గోడ, ఎత్తు బెడ్డు, నల్ల ప్లాస్టిక్, మూడూ మంచివే. కానీ నల్ల ప్లాస్టిక్ పని చేయాలంటే ఎండ కాయాలి కదా తమ్ముడూ. ఈ ఏడు పది రోజుల్లో ఎనిమిది రోజులు మబ్బే. మబ్బు పట్టిన రోజు ప్లాస్టిక్ కింద నేలా, బయటి నేలా ఒకటే.

జోను మ్యాపు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల చాలామంది మొక్కలు పోగొట్టుకుంటున్నారు. ఆ మ్యాపు చెప్పేది చలికాలంలో ఏడాదికి ఒక్కసారి పడే అతి తక్కువ చలి, 30 ఏళ్ళ సగటు. దానిమ్మో అత్తిచెట్టో మీ ఊరి జనవరిని తట్టుకుని బతుకుతుందా అన్నది తెలుసుకోవడానికి. వసంతంలో చివరి మంచు ఎప్పుడు అన్నదానికీ దానికీ సంబంధం లేదు. ఒకే జోనులో ఉన్న రెండు ఊళ్ళకు చివరి మంచు తేదీ నెల తేడాగా ఉండొచ్చు. జోను అర మెట్టు ఎక్కిందంటే జనవరి మెత్తబడిందని. మే సంగతి మేనే చెప్పాలి.

రోహిణి_కార్తె (మే 9)

అమ్మాయ్, నేను మిన్నెసోటా నుంచి. మాది తణుకు దగ్గర. పిల్లల దగ్గరికొచ్చి పదహారేళ్ళయ్యింది. ఇక్కడి తేదీలు మొదట్లో నాకు పట్టుబడలేదు. ఏడాదికోలా చెప్పేవారు. చివరికి మన కార్తెల్లోనే లెక్క కుదుర్చుకున్నాను. కార్తెలు సూర్యుడి నడకను బట్టి కదా వచ్చేది, పండగల్లా ముందుకీ వెనక్కీ పోవు. అందుకని ఇక్కడి కేలెండరుతో చక్కగా సరిపోతాయి.

భరణి కార్తె మే 10తో పోతుంది. అంతవరకూ నారు గడప దాటనివ్వను. కృత్తిక రెండు వారాలు, మే 24 దాకా, నారును బయటికీ లోపలికీ తిప్పుతాను. రోహిణి ప్రవేశించిన రోజు, అంటే మే 25 ప్రాంతంలో, నేలలో పెడతాను. ఇక్కడివాళ్ళ మెమోరియల్ డే కూడా అప్పుడే వస్తుంది. మన దగ్గర రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటాం. ఇక్కడ ఆ రోహిణికి నేల చేతికి గోరువెచ్చగా తగులుతుంది. మృగశిర వచ్చాకే బెండ గింజలు, గోంగూర. ఇన్నేళ్ళలో చలికి ఒక్క టమాటా మొక్క పోలేదు.

అమ్మాయ్, నాటే తేదీ గురించే అందరూ చెబుతున్నారు. మొక్కను బయటికి అలవాటు చేయడం గురించి ఎవరూ చెప్పలేదు, చలి కంటే దానివల్లే ఎక్కువ పోతాయి. మొదటి ఏడు నేను తెలియక కిటికీలో పెరిగిన నారును తిన్నగా ఎండలో పెట్టాను. చలి లేదు, 65 ఉంది. సాయంత్రానికి ఆకులు కాగితంలా తెల్లబడిపోయాయి, మధ్యలో పట్టుకుంటే పొడిపొడి అయ్యాయి. గాజు లోపల పెరిగిన ఆకుకు అసలు ఎండంటే తెలియదు.

మొదటి రోజు ఒక గంట, నీడలో. రెండో రోజు రెండు గంటలు, నీడలోనే. నాలుగో రోజు పొద్దుటి ఎండ కాస్త. ఇలా పది రోజులు. గాలి ఎక్కువగా ఉన్న రోజు లోపలే ఉంచు, లేత కాండం మెలితిరిగిపోతుంది. నీళ్ళు కొంచెం తగ్గించు, ఎరువు అసలు వేయకు. కాండం మీద చెయ్యి వేస్తే మొదట్లో మెత్తగా నీటితో నిండినట్టుంటుంది. పది రోజులకు బిరుసెక్కి, నూగు పట్టుకుని, కాస్త ఊదారంగు తిరుగుతుంది. అప్పుడు అది నాటడానికి సిద్ధం.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ బెంగ నాకు తెలుసు. నారు కళ్ళ ముందు ముదురుతుంటే చేతులు ఊరుకోవు.

స్టుట్‌గార్ట్_బాల్కనీ (మే 9)

పిన్నిగారూ, మీరు కార్తెలన్నారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. జర్మనీలో ఇలాంటి లెక్కే ఉంది. ఐస్‌హైలిగె అంటారు, మంచు పునీతులు అని అర్థం. మే 11 నుంచి 15 వరకూ ఒక్కో రోజు ఒక్కో పునీతుడిది. ఆఖరి రోజు మే 15ను చల్లటి సోఫీ అంటారు. సోఫీ దాటేదాకా టమాటా బయట పెట్టకూడదని మా ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన ఆవిడ, మొదటి ఏడే నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ సామెత పుట్టింది పాత కేలెండరు రోజుల్లో. 1582లో కేలెండరు సరిచేసినప్పుడు 10 రోజులు తీసేశారు. అంటే ఆ కాలం రైతులు చూసిన చలి ఇప్పటి లెక్కలో మే 20 దాటాక వస్తుందన్నమాట. అందుకే ఇక్కడ కొందరు సోఫీ తర్వాత కూడా ఇంకో వారం ఆగుతారు. మన కార్తెలకు ఈ కోత లేదు గానీ, నక్షత్రాల లెక్క కాబట్టి అవీ 72 ఏళ్ళకు దాదాపు ఒక రోజు చొప్పున ఋతువుల నుంచి జరుగుతాయి. తేదీ ఎవరిదైనా ఒక ఊళ్ళో, ఒక కాలంలో చూసి రాసుకున్నది. నేను మదనపల్లె గారి వైపే. మా బాల్కనీలో కుండీ మట్టి నేల కంటే ముందే వేడెక్కుతుంది, కానీ రాత్రి అంతే త్వరగా చల్లబడుతుంది కూడా. కుండీల్లో పెంచేవాళ్ళు పొద్దున్న కొలతే నమ్మాలి.

కరీంనగర్_డెట్రాయిట్ (మే 10)

అందరు నా మీదికే వస్తున్నరు కాబట్టి నా నోటుబుక్కు తీసిన. నేను రాసుకుంటనే ఉంట. పోయినేడు ఒకటే రకం ఎనిమిది మొక్కలు. నాలుగు మే 3న వాల్ ఓ వాటర్ల పెట్టిన. నాలుగు కుండీలల్ల ఉంచి మే 22న నాటిన. పందొమ్మిది రోజుల తేడా.

మొదటి పండు ముంగటి నాలుగిట్ల జూలై 9న. వెనుకటి నాలుగిట్ల జూలై 17న. పందొమ్మిది రోజులు ముంగట పెడితే ఎనిమిది రోజులు ముంగట పండినయి. మొత్తం కాత బుట్టలల్ల లెక్కపెడితే పెద్ద తేడా రాలె. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె గదా.

అయినా నా మాట మార్చుకోను. ఎనిమిది రోజులు నాకు చిన్నవి కావు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చిన ఏడు జూలై 12న వాపస్ పోయింది. ముంగట నాటిన మొక్కల టమాటతోనే పచ్చిపులుసు చేసింది. మే 22 దాక ఆగి ఉంటే అది ఉండకపోవు. నేపర్‌విల్ అక్కకు గూడ జూన్ 20 అనే తేదీ ఉన్నది, అది మర్చిపోవద్దు.

మదనపల్లె_మట్టి (మే 10)

లెక్క దాచుకోకుండా చెప్పారు తమ్ముడూ, అది పెద్ద మనసు. మీ అంకెలు నా మాటనూ కొంచెం సవరించాయి. మొక్కను కప్పితే చలి నేలలో కూడా ఎనిమిది రోజులు కలిసొస్తాయని నేను అనుకోలేదు, నాలుగైదు కంటే రావనుకున్నాను. కానీ అది గొట్టాల్లో నీళ్ళు నింపిన గుడారంతో, గోడ పక్కన, పన్నెండేళ్ళ చేతితో వచ్చిన ఫలితం. కప్పకుండా నాటినవాళ్ళకు రాదు. నేపర్‌విల్ మిషిగన్ సరస్సుకు చాలా దూరం కూడా. సరస్సు ఒడ్డున రాత్రి 42 ఉంటే ఆ శివార్లలో 36 ఉండొచ్చు.

36 అన్నానని తేలిగ్గా తీసుకోవద్దు. వాతావరణ కేంద్రం కొలత మనిషెత్తున పెట్టిన థర్మామీటరుది. గాలి ఆడక, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. పైన 36 ఉన్నా మొక్క ఎత్తున మంచు పట్టొచ్చు. అందుకే 33 నుంచి 36 మధ్యనే మంచు హెచ్చరిక ఇస్తారు. మబ్బు పట్టిన రాత్రి 38 కంటే, చుక్కలు మెరిసే రాత్రి 38తోనే భయం ఎక్కువ.

జూన్ 20 సంగతి. పిందె కావాలంటే పూత నిలవాలి, పూత నిలవాలంటే రాత్రి 55 కావాలి. అది మీ దగ్గర జూన్ మొదటి వారానికి వస్తుంది. గ్యాలను కుండీలో బలంగా ఉన్న మొక్క అప్పటికి సరిగ్గా పూతలో ఉంటుంది. అత్తమ్మ గారికి పిందె చూపించాలంటే దగ్గరి దారి కుండీయే అని నా నమ్మకం.

పెరటితోట_నేపర్‌విల్ (మే 10)

అందరికీ ఎంతో ఋణపడి ఉన్నాను. ఇవాళ పొద్దున్న ఎనిమిదింటికి సూది గుచ్చి చూశాను. 53. పక్కింటివాళ్ళ పెరట్లోనూ అడిగి గుచ్చాను, 52. మే 1న వాళ్ళు నాటిన మొక్క ఆకు తిప్పి చూస్తే మదనపల్లె గారు చెప్పిన నేరేడు రంగే, ఈనెల వెంబడి గీత గీసినట్టు.

ఇవన్నీ అత్తయ్య గారికి చదివి వినిపించాను. మిన్నెసోటా పిన్నిగారి కార్తెల మాట దగ్గర మళ్ళీ చదవమన్నారు. "భరణిలో నేనూ నారు పోసేదాన్ని కాదు" అన్నారు. ముదురు నారు మాట మాత్రం వదల్లేదు. అందుకని ఇలా అనుకున్నాం. నాలుగు మొక్కలు దక్షిణం గోడ పక్కన ఈ సాయంత్రం పాల డబ్బాల కింద నాటుతాం. మిగతా 18 గ్యాలను కుండీల్లోకి మార్చి, పగలు డెక్ మీద, రాత్రి గరాజ్‌లో. ఆ నాలుగు మొక్కల డబ్బాలకు మూతలు తీసి పెట్టే పని అత్తయ్య గారు తీసుకున్నారు.

ఒక సందేహం. కాండం లోతుగా పూడ్చమన్నారు. కింది నేల ఇంకా చల్లగా ఉంటుంది కదా?

మదనపల్లె_మట్టి (మే 10)

చాలా మంచి ప్రశ్న. ఆ నాలుగింటినీ నిలువుగా గుంత తీసి పెట్టకండి. నాలుగంగుళాల లోతు కాలువలా తీసి, మొక్కను పడుకోబెట్టి, తల మాత్రం మెల్లగా పైకి వంచి మట్టి కప్పండి. వేరు అంతా పైమట్టిలో ఉంటుంది, ఎండ తగిలిన మేర ముందు వేడెక్కేది అదే. తల రెండు రోజుల్లో తనంతట తానే నిటారు అవుతుంది.

డబ్బాకు ఆకు తగలకుండా చూసుకోండి. ప్లాస్టిక్‌కు ఆనుకున్న ఆకుకు బయటి చలి నేరుగా తగులుతుంది.

ఎడిసన్_పెరడు (మే 10)

నాలుగు మాత్రమే అన్నారు, నా మనసు కుదుటపడింది. 22 అంటే నిద్ర పట్టేది కాదు.

పెరటితోట_నేపర్‌విల్ (మే 24)

రెండు వారాల తర్వాత వచ్చాను. చూసింది చూసినట్టు చెప్తాను, ఎవరి పక్షమూ కాదు.

మే 14 రాత్రి చుక్కలు బాగా కనిపించాయి. తెల్లారి యాప్‌లో 37, మా డెక్ కొయ్య మీద సన్నగా తెల్లటి పొర. డబ్బాల కింద నాలుగూ బతికాయి. ఒకదాని ఆకు డబ్బాకు ఆనుకుని ఉండిపోయింది, ఆ ఆనుకున్న మేరకే రూపాయి బిళ్ళంత నల్లబడింది, మిగతా ఆకు పచ్చగానే ఉంది. పక్కింటివాళ్ళు దుప్పట్లు కప్పారు, ఐదింటిలో మూడు మిగిలాయి.

డబ్బాల కింది మొక్కలు రెండు వారాల్లో రెండంగుళాలు పెరిగాయి. ఆకు అడుగున నేరేడు రంగు మొన్నటిదాకా ఉంది, ఇప్పుడు తగ్గుతోంది. కుండీల్లోవి ఆరంగుళాలు పెరిగాయి, కాండం నా చిటికెన వేలంత లావైంది. వాటిలో ఏడింటికి మొగ్గలున్నాయి. ఒక ఎండ రోజు తొందరపడి ఎక్కువసేపు ఉంచితే రెండింటి పై ఆకులు తెల్లబడ్డాయి, పిన్నిగారు చెప్పినట్టే కాగితంలా. కొత్త చిగురు బాగానే వచ్చింది.

18 కుండీలు రోజుకు రెండుసార్లు మోయడం తేలిక కాదు. మా వారు నడుం పట్టుకున్నారు. అది కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇవాళ పొద్దున్న నేల 61. నిన్న 60, మొన్న 60. సాయంత్రం మబ్బుగా ఉంటుందట, ఆరింటికి మొదలుపెడతాం.

కరీంనగర్_డెట్రాయిట్ (మే 24)

అక్కా, ఇప్పుడే తీర్పు చెప్పకుండ్రి. చలిల ఉన్న మొక్క పైకి పెరగకపోయినా కింద వేరు పాతుకుంటది. జూన్‌ల ఒక్కసారి లేస్తది. ఏ మొక్కకు మొదటి పండు ఎన్నడొచ్చిందో రాసి పెట్టుండ్రి. జూలైల మళ్ల మాట్లాడుదం. కుండీలు గెలిస్తె నేను ఒప్పుకుంట.

మదనపల్లె_మట్టి (మే 24)

నేనూ ఆగుతాను. తమ్ముడు చెప్పిన వేరు మాట కొట్టిపారేసేది కాదు, నేల 55 దాటిన రోజుల్లో వేరు కదులుతుంది. రెండు గుంపులకూ వేర్వేరు రంగు దారం కట్టండి అక్కయ్యా, ఆగస్టులో తీగలు అల్లుకుపోయాక ఏది ఏదో తెలియదు.

రోహిణి_కార్తె (మే 24)

నాటిన రాత్రి నీళ్ళు పొయ్యాలమ్మాయ్, చన్నీళ్ళు కాదు. కొళాయి నీళ్ళు పొద్దున్నే బకెట్లో పట్టి ఎండలో పెట్టు. గోంగూర గింజలు ఇంకా డబ్బాలోనే ఉంచు.

పెరటితోట_నేపర్‌విల్ (మే 24, రాత్రి)

18 నాటేశాం. ఎర్ర దారం డబ్బాల వాటికి, పచ్చ దారం కుండీల వాటికి. అన్నిటికంటే ముందు మొగ్గ వేసిన మొక్కను అత్తయ్య గారే పెట్టారు, వంటింటి కిటికీలోంచి కనబడే చోట. బకెట్లో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి పిన్నిగారూ. చెంబుతో ఆవిడే పోశారు.